వాచీ వెనక మూత గాజుదా, స్టీలుదా: తేడా ఎక్కడుంది, ఎక్కడ లేదు

క్లుప్తంగా

ఖరీదైన మెకానికల్ వాచీ వెనక మూత గాజుదైనా స్టీలుదైనా నీరు ఆ పలకలోంచి లోపలికి పోదు, చుట్టూ ఉన్న గాస్కెట్ (నీరు పోకుండా అతుకులో పెట్టే వలయం) దగ్గర పోతుంది. గాజు మూతకి అలాంటి అతుకు ఒకటి ఎక్కువ ఉంటుంది. మామూలు స్టీలు మూత అయస్కాంతాన్ని ఆపదు. గాజు మూతతో వాచీ కాస్త మందమవుతుంది, గట్టి నేల మీద పడితే పగిలే ప్రమాదమూ ఉంది. అయితే మూత తీయకుండానే మిషను, అంటే లోపలి యంత్రం ఎలా ఉందో తెలుస్తుంది. విజయవాడ, గుంటూరు వాతావరణంలో మూత దేనితో చేశారన్నదాని కంటే దాన్ని ఎవరు తీశారు, మళ్లీ బిగించాక ప్రెషర్ పరీక్ష చేశారా లేదా అన్నదే ముఖ్యం.

ప్రశ్న ఎందుకు ముందుకొచ్చింది

స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టన్‌స్టైన్ దేశాల కూటమి ఎఫ్టాతో భారత్ వాణిజ్య ఒప్పందం మీద 2024 మార్చి 10న సంతకాలయ్యాయి. 2025 అక్టోబర్ 1 నుంచి ఆ ఒప్పందం అమల్లో ఉంది. దాని ప్రకారం స్విస్ వాచీల మీద కస్టమ్స్ సుంకం దశలవారీగా తగ్గుతూ వస్తుంది. మరోపక్క 10 లక్షల రూపాయలు దాటిన చేతి గడియారం కొంటే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాడు అమ్మకం దగ్గరే వసూలు చేసే పన్ను) కట్టాలి. ఆదాయపు పన్ను లెక్కల్లో అది తిరిగి సర్దుబాటు అవుతుంది కాబట్టి దాన్ని ధర పెరిగినట్టుగా చూడనక్కర్లేదు. ఈ రెండు మార్పుల వల్ల వాచీల ధరల మీద మాట్లాడేవాళ్లు పెరిగారు, ఒకే వాచీ రెండు రకాల మూతలతో దొరికినప్పుడు ఏది తీసుకోవాలన్న సందేహమూ పెరిగింది.

పెళ్లికి అల్లుడికి పెట్టే వాచీ దగ్గర్నుంచి అమెరికాలో ఉన్న కొడుకు తెచ్చిపెట్టే వాచీ దాకా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఈ వస్తువుకున్న స్థానం తెలిసిందే. ఎంపిక దగ్గర వినిపించే మాటలు ప్రధానంగా నాలుగు. గాజు మూతైతే చెమట, నీళ్లు లోపలికి పోతాయని ఒకటి. స్టీలు మూత అయస్కాంతం నుంచి కాపాడుతుందని రెండోది. గాజు మూత ఉందంటే లోపల మేలిరకం మిషను ఉన్నట్టేనని మూడోది. స్టీలు మూత వేశారంటే లోపల ఏదో దాస్తున్నారని నాలుగోది. మొదటి మాటలో కొంత నిజం ఉంది. మిగతా మూడూ నిలవవు.

ఆ గాజు నిజానికి ఏమిటి

ఖరీదైన వాచీల మూతలో ఉండేది కిటికీ అద్దం లాంటి గాజు కాదు. ప్రయోగశాలలో పెంచిన సఫైర్ స్ఫటికం, అంటే రంగులేని శుద్ధ అల్యూమినియం ఆక్సైడ్. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నోయ్ 1902లో ప్రకటించిన మంట పద్ధతితో కృత్రిమ కెంపుల తయారీ పెద్ద ఎత్తున మొదలైంది. మిషనులో ఇరుసులు తిరిగే ఎర్రరాళ్లూ ఈ అద్దమూ ఒకే ఖనిజం. కాస్త క్రోమియం కలిస్తే ఎరుపు, కలపకపోతే పారదర్శకం.

మోస్ కొలమానంలో సఫైర్ గట్టిదనం 9. ఇసుకలోని క్వార్ట్‌జ్ 7. వాచీలకు వాడే 316ఎల్ స్టీలు అంతకంటే బాగా మెత్తన. అందుకే గచ్చు మీద, గ్రానైట్ బండ మీద వాచీ పెట్టి తీస్తూ ఉంటే స్టీలు మూత మీద గీతలు పడతాయి, సఫైర్ మీద పడవు. అయితే గట్టిదనం వేరు, దెబ్బకు ఓర్చుకోవడం వేరు. స్టీలు దెబ్బ తగిలితే సొట్టపోతుంది. సఫైర్ వంగదు, హద్దు దాటితే పగులుతుంది.

తక్కువ ధర వాచీల్లో గాజు మూత అంటే మినరల్ గాజు. దాని మీద గీతలు తేలిగ్గా పడతాయి. నీటిబొట్టు వేసి చూస్తే సఫైర్ మీద అది గుండ్రంగా నిలుస్తుందని చెప్పే చిట్కా నమ్మదగింది కాదు. పైపూత, చేతి జిడ్డు వల్ల ఫలితం మారిపోతుంది. అంగడిలో వాడే థర్మల్ టెస్టర్ మెరుగు, ఎందుకంటే సఫైర్ వేడిని మామూలు గాజు కంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తుంది, స్టీలు కంటే కూడా వేగంగానే. గాజు మూత చేతికి వెచ్చగా తగులుతుందనుకోవడం కూడా పొరపాటే. చెయ్యి పెట్టుకున్న తొలి క్షణాల్లో సఫైరే చల్లగా అనిపిస్తుంది.

సఫైర్‌కు ఒక ఇబ్బంది ఉంది. దాని వక్రీభవన సూచిక 1.77 కావడంతో ఒక్కో ముఖం సుమారు 7.7 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. రెండు ముఖాలకీ కలిపి ఇది 15 శాతానికి దగ్గరవుతుంది. షాపు లైట్ల కింద మిషను బదులు లైటే మెరుస్తూ కనిపించడానికి ఇదే కారణం. మంచి తయారీదారులు లోపలి ముఖానికి ప్రతిబింబాన్ని తగ్గించే పూత వేస్తారు. బయటి ముఖానికీ వేస్తే గీతలు పడేది సఫైర్ మీద కాదు, ఆ పూత మీద.

గాజు మూత ఎప్పుడు మామూలైంది

చేతి గడియారాల తొలి దశాబ్దాల్లో మూత లోహానిదే. వాచీ పనిముట్టు, మిషను చూసేది మెకానిక్ ఒక్కడే. బెంగళూరులో 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో మొదలైన హెచ్ఎంటీ వాచీలకు కూడా అంతే. మన ఇళ్లలో ఇంకా నడుస్తున్న జనతా, పైలట్ వాచీల స్టీలు మూతల మీద పేర్లు, తేదీలు చెక్కినవి ఇప్పటికీ కనిపిస్తాయి.

1969లో సీకో ఆస్ట్రాన్‌తో క్వార్ట్‌జ్ వాచీ మార్కెట్లోకి వచ్చింది. తర్వాతి పదిహేనేళ్లలో స్విస్ మెకానికల్ పరిశ్రమ కుదేలైంది. టైము ఖచ్చితంగా చూపించడంలో బ్యాటరీ వాచీతో పోటీ పడలేనప్పుడు మెకానికల్ వాచీ కొనడానికి వేరే కారణం కావాల్సి వచ్చింది. చేతిపని, అటూ ఇటూ ఆడుతూ టైమును నడిపే బ్యాలెన్స్ వీల్, చక్రాలను పట్టి ఉంచే, గీతలు తీర్చిన బ్రిడ్జిలు ఆ కారణమయ్యాయి. అవి కొనేవాడికి కనిపించాలి. 1980ల నుంచి, మరింతగా 1990ల్లో గాజు మూత వ్యాపించడానికి మూలం ఇక్కడుంది. 1994లో తన కొత్త వాచీలతో తిరిగొచ్చిన జర్మన్ సంస్థ ఎ. లాంగే ఉండ్ జోనే పేరు చాలావరకు మూత వెనక కనిపించే పనితనం మీదే నిలబడింది.

రోలెక్స్ ఎక్కువ కాలం దీనికి దూరంగా ఉంది. నీటిని ఆపే తన ఆయిస్టర్ కేసు వాచీలో గాజు మూతను అది 2023లో ప్లాటినం డేటోనాతో పరిచయం చేసింది. అదే ఏడాది వచ్చిన 1908 మోడల్‌కూ, 2025లో వచ్చిన లాండ్-డ్వెల్లర్‌కూ గాజు మూతలే. ఆ డేటోనా 100 మీటర్ల నీటి నిరోధకతతోనే వచ్చింది. గాజు పెడితే నీటి రక్షణ పోతుందన్న వాదనకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

నీరు ఎక్కడి నుంచి పోతుంది

మెకానికల్ వాచీలోకి నీరు చేరే దారులు మూడు: ముందు అద్దం చుట్టూ ఉన్న అతుకు, క్రౌన్ (పక్కన లాగి తిప్పే గుబ్బ) గొట్టం, వెనక మూత అతుకు. స్టాప్‌వాచీ కూడా ఉండే క్రోనోగ్రాఫ్ అయితే పక్కనుండే బొత్తాలు కూడా. స్టీలు మూతలో ఒకే గాస్కెట్ ఉంటుంది, అది మూతకీ కేసుకీ మధ్య నలుగుతుంది. గాజు మూతలో అది కాక సఫైర్‌కీ దాని చుట్టూ ఉన్న లోహపు రింగుకీ మధ్య రెండో గాస్కెట్ ఉంటుంది. ఇది సాధారణంగా నైలాన్ లాంటి గట్టి ప్లాస్టిక్ వలయం. సఫైర్‌ను ప్రెస్సుతో అందులోకి దింపుతారు. చవక వాచీల్లో వలయం బదులు జిగురుతో అతికిస్తారు. కొన్నేళ్ల వేడికి ముందు వదిలేది ఆ జిగురే.

ఒత్తిడి లెక్క చూస్తే సఫైర్ బలం మీద అనుమానం పోతుంది. 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న మూత వైశాల్యం సుమారు 707 చదరపు మిల్లీమీటర్లు. 10 బార్, అంటే 100 మీటర్ల లోతు ఒత్తిడి దాని మీద పడితే మొత్తం బలం దాదాపు 72 కిలోల బరువుకు సమానం. 30 బార్‌కు 216 కిలోలు. అంచు మీద ఆనిన గుండ్రటి పలకలో పుట్టే లాగుడు దాని మందం వర్గానికి విలోమంగా ఉంటుంది. మందం రెట్టింపు చేస్తే లాగుడు నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి లోతుకు తట్టుకోవడం పలక మందం ఎంతన్న ప్రశ్నే తప్ప సాధ్యమా అన్న ప్రశ్న కాదు. ఒమెగా సీమాస్టర్ డైవర్ 300ఎంకు 2018 నుంచి గాజు మూతే, నిరోధకత 300 మీటర్లు. బ్లాంపాన్ ఫిఫ్టీ ఫాథమ్స్‌లోనూ అంతే. రోలెక్స్ సబ్‌మెరైనర్ అదే 300 మీటర్లు స్టీలు మూతతో సాధిస్తుంది.

రెండో గాస్కెట్ ఉండటం మాత్రం నిజమైన తేడా. అది నాణ్యంగా బిగిస్తే ఏళ్ల తరబడి కదలదు, దాన్ని ఎవరూ రోజూ తాకరు కూడా. రోజూ లాగి తిప్పే క్రౌన్ గాస్కెట్లు దానికంటే ముందు అరిగిపోతాయి. నీళ్లు పోయాయని వచ్చే వాచీల్లో మొదట అనుమానించాల్సింది క్రౌన్‌ను. స్క్రూ క్రౌన్ సరిగ్గా బిగించకుండా స్నానానికి వెళ్లడం, సూర్యలంక తీరంలో సముద్రంలోకి దిగడం, నదీ స్నానం చేయడం మూత దేనిదైనా ప్రమాదమే. 30 మీటర్లని రాసిన వాచీ చేతులు కడుక్కోవడానికి సరిపోతుంది, ఈతకు కాదు.

మన వేడి, మన చెమట

రోహిణి కార్తెలో విజయవాడ పగటి ఎండ 45 డిగ్రీల దాకా వెళ్లడం కొత్త కాదు. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు 60 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి పదేపదే గురైన నైట్రైల్ రబ్బరు గాస్కెట్ గట్టిపడి స్థితిస్థాపకత కోల్పోతుంది. తీసి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన అంచు చదునై కనిపిస్తుంది. అంతకు మించి పరీక్ష అక్కర్లేదు, మార్చేయాలి.

చెమట సంగతి కాస్త వివరంగా చూడాలి. చెమటలో ఉప్పు, అంటే క్లోరైడ్ ఉంటుంది. 316ఎల్ స్టీలు తెరిచిన ఉపరితలం మీద దాన్ని బాగానే తట్టుకుంటుంది. గాలి ఆడని సన్నని సందులో మాత్రం ఓడిపోతుంది. మూత మరలకూ కేసుకూ మధ్య సందులో చెమట, సబ్బు, చర్మపు మురికి కలిసి ముద్దగా నిలిచిపోతాయి. ఆ ముద్ద కింద ఆక్సిజన్ అందక స్టీలు మీది రక్షణ పొర మళ్లీ ఏర్పడదు, చిన్న గుంటలు పడతాయి. ఆ గుంటలు గాస్కెట్ కూర్చునే గాడిలో పడితే కొత్త గాస్కెట్ వేసినా నీరు ఆగదు. లేజర్ వెల్డింగ్‌తో గాడి నింపి మళ్లీ తొలవాలి, లేదా కేసు మార్చాలి. రోలెక్స్ తన వాచీలకు 904ఎల్ స్టీలు వాడటానికి తుప్పును మరింత గట్టిగా తట్టుకోవడం ఒక కారణం.

ఈ విషయంలో గాజు మూతకీ స్టీలు మూతకీ తేడా దాదాపు లేదు, ఎందుకంటే ఆ ప్రమాదకరమైన సందు రెండింటిలోనూ అదే. సఫైర్ మాత్రం చెమటకు ఏమీ కాదు. నికెల్ పడక చేతి మీద దద్దుర్లు వచ్చేవారికి గాజు మూత కొంత మేలు, చర్మానికి తగిలే లోహం తగ్గుతుంది కాబట్టి. పూర్తిగా తప్పించుకోవాలంటే టైటానియం కేసు చూసుకోవాలి.

గుంటూరు మిర్చి యార్డు పరిసరాల్లో పనిచేసేవారికి ఇంకో సమస్య. సన్నని కారపు పొడి చెమటతో తడిసి మూత సందులో, బ్రేస్‌లెట్ కీళ్లలో చేరి గట్టిపడుతుంది. మూత తీసే రోజున అది లోపలికి రాలుతుంది. వారానికోసారి క్రౌన్ బిగించి, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల తేలికపాటి సబ్బు, మెత్తటి బ్రష్షుతో మూత చుట్టూ శుభ్రం చేసి పొడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. తోలు పట్టీని ముందు తీసేయాలి. నీటి నిరోధకత పరీక్షించని పాత వాచీకి మాత్రం నీళ్లు తగలనీయకూడదు, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

అద్దం మసకబారితే

వానాకాలం బయట తిరిగి ఏసీ గదిలోకి వస్తే కొన్ని వాచీల అద్దం లోపల మసక కనిపిస్తుంది. షాపులో మూత తీసినప్పుడు తేమ గాలి చిక్కుకుందని చెప్పి పంపేయడం మామూలే. ఈ వివరణను లెక్కతో పరిశీలించవచ్చు. 34 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఘనమీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. వాచీలో ఖాళీ స్థలం ఒక మిల్లీలీటరు అనుకుంటే అందులో ఉన్న ఆవిరి 24 మైక్రోగ్రాములు. 22 డిగ్రీల గదిలో ఆ గాలి మోయలేక వదిలేది 5 మైక్రోగ్రాములే. అద్దమంతా పరుచుకునే మసకకు అది చాలదు. అలాంటి మసక కనిపించిందంటే ఎక్కడో గాస్కెట్ వదిలి నీరు లోపలికి వచ్చినట్టే భావించాలి, ఆ రోజే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి. ఉప్పునీరైతే స్టీలు మరల మీద తుప్పు కనబడటానికి రోజులు చాలు.

మసక ముందు అద్దం మీదే ఎందుకు మొదలవుతుందంటే, వెనక మూత చేతికి ఆనుకుని వెచ్చగా ఉంటుంది. ముందు అద్దం ఏసీ గాలికి ముందు చల్లబడుతుంది. కాబట్టి వెనక గాజు తేటగా ఉందని ధీమా పడకూడదు. వెనక గాజు ఉపయోగపడేది ఆ తర్వాతి దశలో. మరల తలల మీద గోధుమరంగు మచ్చలు, బ్రిడ్జి అంచున తెల్లటి పొడి కనిపిస్తే లోపల తేమ చాలాకాలంగా ఉందని అర్థం.

అయస్కాంతం గురించి ఒక అపోహ

316ఎల్ స్టీలు అయస్కాంతానికి అంటుకోదు. అంటుకోని లోహం అయస్కాంత క్షేత్రాన్ని అడ్డుకోలేదు కూడా. క్షేత్రం దానిలోంచి గాజులోంచి పోయినట్టే పోతుంది. ఫోను స్పీకరు, ల్యాప్‌టాప్ మూత, హ్యాండ్‌బ్యాగు అయస్కాంతపు గుండీ తగిలి వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే హెయిర్‌స్ప్రింగ్ (బ్యాలెన్స్ వీల్‌ను ఆడించే సన్నని స్ప్రింగు) చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయని అర్థం. మూత ఏదైనా ఇది జరుగుతుంది. డీమాగ్నెటైజర్ మీద కొన్ని సెకన్లు పెడితే చాలాసార్లు సరిపోతుంది, మూత తీయనక్కర్లేదు.

అడ్డుకోవాలంటే మెత్తటి ఇనుముతో చేసిన లోపలి డబ్బా కావాలి. మూత కింద, డయల్ కింద, చుట్టూ అది మిషనును పూర్తిగా కప్పాలి. 1955 ఐడబ్ల్యూసీ ఇంజనీర్, 1956 రోలెక్స్ మిల్‌గాస్ ఈ పద్ధతిలో చేసినవి. మిల్‌గాస్ 1000 గాస్ (అయస్కాంత క్షేత్రానికి కొలత) దాకా తట్టుకుంటుందని పేరే చెబుతుంది, మిల్ అంటే వెయ్యి. అలాంటి డబ్బా ఉంటే గాజు మూతకి చోటుండదు. డబ్బా అడుగే మిషనును కనిపించనీయదు. ఐడబ్ల్యూసీ 2023లో తెచ్చిన ఇంజనీర్ ఆటోమేటిక్ 40కు స్టీలు మూత ఉండటానికి కారణం ఇదే.

ఇంకో దారి మిషనునే అయస్కాంతానికి స్పందించని పదార్థాలతో కట్టడం. ఒమెగా 2013లో ఆక్వా టెర్రాతో ఈ దారి తొక్కింది. సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్, అయస్కాంతం పట్టని లోహపు ఇరుసులతో 15,000 గాస్ తట్టుకునే వాచీని గాజు మూతతోనే అమ్మింది. మామూలు వాచీకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 764 కోరేది మీటరుకు 4,800 ఆంపియర్లు, అంటే సుమారు 60 గాస్ మాత్రమే. అంటే ఫలానా వాచీ అయస్కాంతాన్ని తట్టుకుంటుందా అని అడిగినప్పుడు మూతను కాదు, హెయిర్‌స్ప్రింగ్ దేనితో చేశారో చూడాలి.

మందం, బరువు, పగులు

సఫైర్ పలక, దాన్ని పట్టుకునే రింగు, ఆటోమేటిక్ రోటర్‌కూ (చేతి కదలికకు తిరుగుతూ కీ ఇచ్చే బరువు) పలకకూ మధ్య ఖాళీ అన్నీ కలిసి గాజు మూత వాచీని సాధారణంగా అర మిల్లీమీటరు అటూ ఇటుగా మందం చేస్తాయి. సన్నటి డ్రెస్ వాచీలో ఇది చేతికి తెలుస్తుంది. పొడవు చేతుల చొక్కా కఫ్ కిందికి దూరేదీ దూరనిదీ ఈ కొద్దిలోనే తేలుతుంది. బరువు తేడా లెక్కలోకి రానిది. 28 మిల్లీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక స్టీలుదైతే 6 గ్రాములకు కాస్త తక్కువ, సఫైర్‌దైతే 3 గ్రాములు.

చేతికున్నంతసేపు వెనక గాజుకు ఏ దెబ్బా తగలదు. పగిలేది వాచీ విప్పినప్పుడు. స్నానాల గదిలో, పడక పక్కన, గ్రానైట్ లేదా టైల్స్ నేల మీద జారిపడితే అంచు మీద పడ్డ దెబ్బ పలకను చీలుస్తుంది. ఆ తర్వాత కథ కేవలం అద్దం మార్చడం కాదు. సఫైర్ నలుసులు మిషనులోని ఏ భాగం కంటే గట్టివి. అవి నూనెతో కలిసి పళ్లచక్రాల ఇరుసులకు చేరితే సానరాయిలా అరగదీస్తాయి. పగిలిన వెంటనే వాచీని కదపకుండా, కీ ఇవ్వకుండా, ఆటోమేటిక్ అయితే ఊపకుండా తీసుకెళ్లాలి. మిషను మొత్తం విప్పి అల్ట్రాసోనిక్‌లో కడిగి నూనె వేయక తప్పదు. స్టీలు మూతకు ఇదే దెబ్బ తగిలితే మిగిలేది ఒక సొట్ట. సొట్ట లోతుగా ఉండి రోటర్‌కు తగులుతుంటే తిప్పినప్పుడు గీరుతున్న చప్పుడు వినిపిస్తుంది.

లోపల ఉన్నదాన్ని బట్టి ధర

గాజు మూత వేస్తే తయారీదారుకు అసలు ఖర్చు సఫైర్ పలక కాదు, చూపించదగ్గ మిషను. బ్రిడ్జిల మీద జెనీవా గీతలు, అడుగు పలక మీద గుండ్రటి పెర్లాజ్ చుక్కలు, అంచులకు 45 డిగ్రీల వాలు తీసి పాలిష్, మర తలలకు నునుపు. ఇందులో అంచుల పాలిష్ చేతితో చేస్తే ఒక్క బ్రిడ్జికే గంటలు పడుతుంది. యంత్రంతో చేసిన అంచుకూ చేతితో చేసినదానికీ తేడా భూతద్దంలో లోపలి మూలల దగ్గర తెలుస్తుంది. లోపలికి తిరిగిన పదునైన మూలను తిరిగే పనిముట్టు తీయలేదు, అక్కడ గుండ్రటి మలుపే మిగులుతుంది. వాచీ కొనేటప్పుడు గాజు మూత వెనక చూడాల్సింది రోటర్ మీద చెక్కిన పేరు కాదు, ఈ మూలలు.

గీతలు గీసినంత మాత్రాన సమయపాలన మెరుగుపడదు. ధ్రువీకరించిన క్రోనోమీటర్‌కు స్విస్ పరీక్షా సంస్థ సీఓఎస్‌సీ పెట్టిన హద్దు రోజుకు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు. రోలెక్స్ తన వాచీలకు పెట్టుకున్న హద్దు ప్లస్ మైనస్ 2 సెకన్లు, అందులో ఎక్కువ భాగం స్టీలు లేదా బంగారు మూత వెనక దాగి ఉన్నవే. స్టీలు మూత నాణ్యత లోపానికి ముసుగు అనే మాట ఇక్కడే వీగిపోతుంది. మరోవైపు చాలా సాధారణమైన, లక్షల సంఖ్యలో తయారయ్యే మిషను మీద పైపైన గీతలు ముద్రించి గాజు మూత పెట్టి ఎక్కువ ధరకు అమ్మే వాచీలూ ఉన్నాయి. అలాంటిదానికి స్టీలు మూతే నిజాయితీగా ఉంటుంది.

ఒమెగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్ ఈ ఎంపికను బాగా అర్థం చేయిస్తుంది. చాలా ఏళ్లు స్టీలు మూత, ముందు అక్రిలిక్ అద్దమున్న రకంలో 1861 మిషను, రెండు వైపులా సఫైర్ ఉన్న రకంలో మెరుగైన అలంకరణ చేసిన 1863 మిషను వాడారు. 2021లో రెండింటికీ 3861 మిషను వచ్చింది. అప్పటి నుంచి రెండు రకాల మధ్య మిగిలిన ప్రశ్న చూడాలనుందా లేదా అన్నదే. స్టీలు మూత మీద చంద్రుడి మీద ధరించిన తొలి వాచీ అని చెక్కిన అక్షరాలుంటాయి, కొందరికి అవే ఆ వాచీకి అందం.

రెండూ కావాలనుకున్నవారికి పటెక్ ఫిలిప్ 2013లో తెచ్చిన కలాట్రావా 5227 ఒక జవాబు. సఫైర్ మూత మీద కీలుతో తెరుచుకునే బంగారు రెక్క ఉంటుంది. అందంగానే ఉంటుంది, కానీ కీలు, దాని అతుకు చెమట నిలవడానికి ఇంకో చోటు. మన వాతావరణంలో రోజూ పెట్టుకునే వాచీకి ఈ ఏర్పాటు తగదు.

మూత తీసేటప్పుడు జరిగే నష్టం

విజయవాడ బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, గుంటూరు బ్రాడీపేటల్లో అనుభవమున్న వాచీ మెకానిక్‌లు దొరుకుతారు. అయినా ఖరీదైన వాచీ మూత తీయించే ముందు కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే వెనక మూతకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం వాడకంలో కాదు, తీయడంలో జరుగుతుంది.

మర మూతను మూడు కొనల రెంచితో తిప్పుతారు. కొనలు గాడిలో సరిగ్గా కూర్చోకపోతే జారి స్టీలు మీద పొడవాటి గీత పడుతుంది, గాజు మూతైతే కొన నేరుగా గాజు అంచు మీదికి వెళ్తుంది. గాడులున్న మూతకు దాని పళ్లకు సరిపోయే అచ్చు తప్పనిసరి. మామూలు బిగువున్న మూతకు రబ్బరు బంతితో నొక్కి తిప్పడం గాజుకు సురక్షితం. నొక్కి బిగించే స్నాప్ మూతను కత్తి లాంటి పనిముట్టుతో పెదవి దగ్గర లేపుతారు. ఆ పెదవి ఎక్కడుందో చూడకుండా వేరే చోట కత్తి దూరిస్తే గాస్కెట్ తెగుతుంది.

మూయడంలో ఇంకా పెద్ద తప్పు ఉంది. స్నాప్ మూతను ప్రెస్సుతో నొక్కేటప్పుడు పెట్టే అచ్చు లోహపు రింగు మీద ఆనాలి. గాజు మధ్యలో ఆనితే సఫైర్ చీలుతుంది, లేదా నైలాన్ వలయంలోంచి కొంచెం కిందికి జారుతుంది. జారడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే బయటికి ఏమీ తెలియదు. నీరు మాత్రం ఆ సందులోంచి పోతుంది, రోటర్ గాజుకు తగులుతుంది. మర మూత బిగించేటప్పుడు పొడిగా ఉన్న గాస్కెట్ మెలితిరుగుతుంది. పలచగా సిలికాన్ గ్రీజు రాస్తే ఆ సమస్య ఉండదు, ఎక్కువ రాస్తే ధూళి అంటుకుంటుంది.

గాజు మూతకు ఇంకో చికాకు ఉంది. లోపల ఒక్క దారపు పోగు మిగిలినా, వేలిముద్ర పడినా జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. అందుకని దాన్ని మూసేముందు వేళ్లకు తొడుగులు, గాలి బుడ్డి, మురికిని అంటించుకుని తీసే మెత్తటి రోడికో ముద్ద వాడి లోపలి ముఖాన్ని శుభ్రం చేస్తారు. ఫ్యాను కింద, తలుపు తెరిచిన అంగట్లో రోడ్డు వైపు బల్ల మీద ఈ పని చేయడం వృథా.

మూసిన తర్వాత పరీక్ష రెండు రకాలు. పొడి పరీక్షలో గాలి ఒత్తిడికి కేసు ఎంత వంగిందో మైక్రాన్లలో కొలుస్తారు. వంగి అక్కడే నిలిస్తే కేసు బిగుతుగా ఉంది, మెల్లగా వెనక్కి వస్తే గాలి లోపలికి పోతోంది. తడి పరీక్షలో గాలి ఒత్తిడి పెంచి, వాచీని నీటిలోకి దించి ఒత్తిడి తగ్గిస్తారు. బుడగలు ఎక్కడి నుంచి వస్తే లోపం అక్కడ. బుడగ కనిపించగానే వాచీని నీటిలోంచి లేపాలి, ఆలస్యమైతే నీరు ఆ దారినే లోపలికి పోతుంది. అనుమానం తీరకపోతే ఐఎస్ఓ 22810లో ఉన్న పద్ధతి ఒకటుంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల పలక మీద వేడి చేసి అద్దం మీద 18 నుంచి 25 డిగ్రీల నీటిచుక్క వేస్తారు. నిమిషం తర్వాత తుడిచి లోపల మసక పట్టిందేమో చూస్తారు. మూత ఎప్పుడు తీసినా గాస్కెట్ మార్చాలి. మూత తీయకపోయినా ఏడాదికోసారి, వేసవి మొదలయ్యే ముందు ప్రెషర్ పరీక్ష చేయించడం మంచిది.

ఈ కోణంలో చూస్తే గాజు మూతకు ఒక గట్టి వాదన ఉంది. ప్రెషర్ యంత్రం దగ్గరలో లేని చోట మూత తీయడమే పెద్ద ప్రమాదం. గాజు మూతుంటే చాలాసార్లు దాన్ని తీయాల్సిన పనే ఉండదు. బ్యాలెన్స్ వీల్ నిండుగా ఊగుతోందా, రోటర్ వాలి బ్రిడ్జిని గీరుతోందా, బాల్‌బేరింగ్ అరిగి లోహపు పొడి రాలుతోందా అన్నది భూతద్దంతో బయటినుంచే తెలుస్తుంది.

పాత వాచీ కొనేటప్పుడు, పేరు చెక్కించేటప్పుడు

చేతులు మారిన వాచీల మార్కెట్లో గాజు మూత రెండు పక్కలా పనిచేస్తుంది. మిషను మీద సంఖ్యలు, గుర్తులు చూసి సరిపోల్చుకోవచ్చు. కానీ నకిలీ తయారీదారులు కూడా అలంకరించిన పలకను పైన అతికించి గాజు మూత పెడతారు. గీతలు బ్రిడ్జి అంచు దాటి పక్క బ్రిడ్జి మీదికి అదే వరసలో సాగకపోతే, ఎర్రరాళ్లు ఇరుసులు లేని చోట అలంకారంగా ఉంటే, రోటర్ ఊపినప్పుడు గరగరమంటే అనుమానించాలి. రోలెక్స్ సబ్‌మెరైనర్‌ను కంపెనీ గాజు మూతతో అమ్మలేదు. అలాంటిది ఎవరైనా చూపిస్తే నకిలీ అయి ఉండాలి, లేదా బయట ఎవరో మార్చిన మూత. రెండు సందర్భాల్లోనూ దాని నీటి నిరోధకతకు హామీ లేదు.

స్టీలు మూతున్న వాచీ కొంటే మిషను చూపించమని అడగడం కొనేవాడి హక్కు. అయితే కొనే ముందే, ప్రెషర్ పరీక్ష ఖర్చు ఎవరిదో తేల్చుకుని, యంత్రం ఉన్న చోటే తీయించాలి. మరల తలల మీద స్క్రూడ్రైవర్ గీతలు, మూత లోపలి ముఖాన పాత మెకానిక్‌లు గీసిన సర్వీసు గుర్తులు వాచీ గతాన్ని చెబుతాయి. గాజు మూతలో ఆ గుర్తులుండవు.

పేరు, పెళ్లి తేదీ చెక్కించాలనుకుంటే స్టీలు మూతే అనువైనది. గాజు మూతలో చుట్టూ ఉండే రెండు మూడు మిల్లీమీటర్ల రింగు మీద సాధారణంగా కంపెనీ అక్షరాలు ముందే ఉంటాయి, మిగిలిన చోట తెలుగు అక్షరాల గుడులూ సున్నాలూ చదవగలిగేంత పెద్దవిగా రావు. అలాంటప్పుడు బ్రేస్‌లెట్ క్లాస్ప్ లోపలి వైపు చెక్కించడం మేలు. మూత మీదే చెక్కించేటట్టయితే దాన్ని వాచీ నుంచి విడదీసి పని చేయించాలి. కేసుకు ఉండగానే చెక్కితే లోహపు రజను మర సందులోకి చేరుతుంది, ఆ అదురుకు మిషనులోని సన్నని ఇరుసులు దెబ్బతింటాయి. చెక్కడం పూర్తయ్యాక కొత్త గాస్కెట్ వేసి, మళ్లీ పొడి పరీక్ష చేసి ఇవ్వమని ముందుగానే చెప్పి ఒప్పించుకోవాలి.